తెర వెడల్పు

“ఈ చెయ్యి ఎవరిదమ్మా?”

ప్రకాశరావుగారు తన ఫోనుని భోజనాల బల్ల మీద సుప్రియ ముందుకు జరిపారు.

తెర మీద సుప్రియ తండ్రి యాకోబు మాస్టారు పక్కకి తిరిగి నవ్వుతున్నారు. వెనక తాటాకు పాక. ఆయన కుడిపక్కన నిక్కరు వేసుకున్న కొడుకు, చిన్నప్పటి శ్యామ్ బాబు. ఎడమ అంచున, మాస్టారి మోచేతికి ఆనుకుని, పలక పట్టుకున్న ఒక చెయ్యి. మణికట్టు వరకే ఉంది. అక్కడితో బొమ్మ అయిపోయింది.

సుప్రియ చాలాసేపు చూసింది.

“నాదేనండీ,” అంది.

“నీదా? మరి నువ్వేదమ్మా?”

ఆమె లేచి వెళ్ళి స్కూలు ట్యాబ్ తెచ్చింది. అదే పుస్తకం, అదే పేజీ తెరిచి ఫోను పక్కన పెట్టింది.

ట్యాబ్‌లో బొమ్మ నిండుగా ఉంది. మాస్టారి ఎడమపక్కన లంగా ఓణీలో సుప్రియ, చేతిలో పలక. నేల మీద వరసగా పిల్లలు. పాక గుమ్మంలో మంచినీళ్ళ బిందెతో తల్లి సుందరమ్మ. మాస్టారు నవ్వుతున్నది కూతుర్ని చూసి. ఫోనులో మాత్రం ఆయన ఎవరూ లేని వైపు చూసి నవ్వుతున్నారు.

ప్రకాశరావుగారు కళ్ళజోడు సర్దుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశారు.

“రెండు పుస్తకాలు వేయించేరేంటమ్మా?”

“కాదండీ. ఒకటే పుస్తకం. తమ్ముడు మీ అందరికీ పంపించిన ఫైలే ఇది కూడా.”

అసలు ఆయన వచ్చింది వేరే మాట చెప్పడానికి. బడి కమిటీలో అందరికన్నా పెద్దవాడు. మాస్టారు పోయాక ఖాళీగా ఉన్న, బడి యాజమాన్యం చూసే కరస్పాండెంటు కుర్చీకి మనిషిని రేపు, ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, కమిటీ ఎన్నుకోవాలి. ఈ ఇంట్లోనే ఇద్దరున్నారు. ఇన్నేళ్ళుగా బడిని నడుపుతున్న హెడ్మిస్ట్రెస్ సుప్రియ ఒకరు. హైదరాబాదులో ఉద్యోగం పోయి వచ్చి, బళ్ళో చేరి ఆర్నెల్లు కాని శ్యామ్ బాబు ఒకడు.

“ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు,” అన్నారాయన గొంతు తగ్గించి. “మేమందరం ఫోన్లలోనే చదివేం. పుస్తకం రాసింది నువ్వు. కానీ మొదట్నుంచి చివరిదాకా ఒక్క బొమ్మలోనూ నువ్వు లేవు. ఎక్కడ చూసినా మాస్టారు, అబ్బాయి. అంచేత అమ్మాయి తనే తప్పుకుంటోంది, నోటితో చెప్పలేక ఇలా చెప్పింది అనుకున్నాం. ఆయ్. తమ్ముడి కోసం ఎంత మనసు చేసుకుందో అని మా ఇంట్లో కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. అందుకే ఒకసారి కనపడి వెళ్దామని వచ్చేను.”

సుప్రియ కుర్చీ లాక్కుని కూర్చుంది.

పుస్తకం పేరు ‘పాక బడి’. మాస్టారు పోయిన ఏడాదిలోపు తీసుకురావాలని పట్టుబట్టి రాసింది. నాన్న గురించి రాసినప్పుడు కలం ఆగలేదు. తన గురించి రాసుకోవలసి వచ్చినచోట మాత్రం సిగ్గనిపించి వదిలేసింది. ఫోటోలున్నాయి కదా, చూసినవాళ్ళకి తెలియదా అనుకుంది.

వంటింటి గుమ్మంలో సుందరమ్మ టీ గ్లాసులతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

శ్యామ్ బాబు తల తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాడు.

“వందనాలండీ ప్రకాశరావుగారూ. ఏంటక్కా, పొద్దున్నే మీటింగు పెట్టేవు?”

“కూర్చో.”

“బయటికెళ్ళాలి.”

“కూర్చో శ్యామ్.”

అతను నిలబడే రెండు తెరల వైపూ చూశాడు. తొట్రుపాటు ఏమీ లేదు. ఈ ప్రశ్న వస్తుందని ముందే తెలిసినవాడిలా నవ్వాడు.

“ఓహో, ఇదా. ఫోను తెర ఎంతుంటుందండీ? అరచెయ్యంత. పదిమందిని అందులో ఇరికిస్తే మొహాలు ఆవగింజలైపోతాయి. ఎవరు ఎవరో తెలీదు. అంచేత ఫోనుకి వేరే బొమ్మ పెట్టేరు, దగ్గరగా కోసి. అక్క ఒప్పుకున్నాకే చేసేరండి. అడగండి.”

ప్రకాశరావుగారు సుప్రియ వైపు తిరిగారు. “ఒప్పుకున్నావా అమ్మా?”

“కొయ్యడానికి ఒప్పుకున్నానండీ.”

అది నిజమే. అమలాపురం నుంచి శ్రీవిద్య ల్యాప్‌టాప్ పట్టుకుని ఇదే బల్ల దగ్గరికి వచ్చింది. ఇదివరకు తమ బళ్ళోనే కంప్యూటరు టీచరు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఈ-పుస్తకాలు చేస్తోంది. పాత ఫోటోలను ఫోనులో పెట్టి చూపించి, “చూడండి మేడమ్, మాస్టారెవరో చెప్పగలరా?” అంది. సుప్రియ చెప్పలేకపోయింది. “సన్నటి తెరలకి దగ్గరగా కోసిన బొమ్మ ఒకటి, వెడల్పు తెరలకి నిండు బొమ్మ ఒకటి పెడతానండి. ఏ తెరకి ఏది చూపించాలో పుస్తకమే చూసుకుంటుంది,” అంది శ్రీవిద్య. ఎంత బాగుందో అనుకుంది సుప్రియ.

“ఫోనులో నేను చూస్తానన్నావ్,” అంది తమ్ముడితో. “నా కళ్ళకి చిన్న తెర పడదని, అక్కా నువ్వు ట్యాబ్‌లో చూసుకో, ఫోనులో ప్రతి పేజీ నేను చూస్తానని ఈ కుర్చీలోనే కూర్చుని అన్నావ్.”

“చూసేను.”

“చూసి?”

“బాగానే ఉందనిపించింది.”

సుప్రియ ఫోను తీసుకుని వేలితో పేజీలు జరిపింది. వరదొచ్చిన ఏడు బళ్ళో తలదాచుకున్నవాళ్ళకి వంట చేస్తున్న ఫోటో. గుండిగ దగ్గర గరిటె పట్టుకున్నది ఆమె. ఫోనులో గుండిగ లేదు, గరిటె లేదు, మాస్టారు ఒక్కరే విస్తళ్ళు పట్టుకుని నిలబడ్డారు. సైన్సు ల్యాబు మొదలుపెట్టిన రోజు. ఆ రోజు సెలవు పెట్టుకుని వచ్చిన శ్యామ్ బాబు భుజం మీద మాస్టారి చెయ్యి.

“ఇక్కడ రిబ్బను కత్తిరించింది నేను. రిబ్బను కూడా లేదు శ్యామ్.”

“తెరలో పట్టాలి కదక్కా!”

“నువ్వు పట్టేవు.”

అతని మొహం మారింది. తువ్వాలు కుర్చీ మీద విసిరాడు.

“ఇన్నేళ్ళూ నాన్న పక్కన నువ్వే ఉన్నావ్. ఊళ్ళో ఎవర్నడిగినా నీ పేరే చెప్తారు. ఒక్క పుస్తకంలో నేనుంటే ఏమైపోయింది? రేపు నేను కరస్పాండెంటునైతే నువ్వు హెడ్మిస్ట్రెస్సుగా ఉండవా? నిన్ను తీసేస్తానా?”

“తీసేసేవుగా,” అంది సుప్రియ.

వీధిలో కొబ్బరి బొండాలు వేసుకున్న ట్రాక్టరు వెళ్ళింది. దాని చప్పుడు పోయేదాకా అందరూ దాన్నే విన్నారు.

ప్రకాశరావుగారు లేచారు. “ఇది మీ ఇంటి విషయం. నేను మధ్యలో దూరకూడదు. కానీ రేపు కమిటీలో అడుగుతారు. సుందరమ్మగారూ, మీరు చెప్పండి. అమ్మాయికి తెలిసే ఇలా వచ్చిందా, తెలియకుండా వచ్చిందా? మాస్టారి తరవాత మాకు మీ మాటే ప్రమాణం.”

సుందరమ్మ టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది.

“చల్లారిపోతుంది, తాగండి,” అంది.

ఆయన నిలబడే రెండు గుక్కలు తాగి, వందనాలు చెప్పి వెళ్ళిపోయారు.

సుప్రియ చెప్పుల కోసం వరండాలోకి నడిచింది.

“ఎక్కడికే?” అంది సుందరమ్మ వెనకనుంచి.

“అమలాపురం. విద్యని అడుగుతాను.”

“ఇంత ఎండలోనా? రేపటి పని అయిపోయాక వెళ్ళొచ్చు కదా.”

తల్లి ఎండ గురించే మాట్లాడుతోందని సుప్రియ అనుకుంది.

*

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బోడసకుర్రు వంతెన మీద నది గాలి మొహాన కొట్టింది. రోజూ అయితే ఆ గాలికి ప్రాణం లేచొచ్చేది.

శ్రీవిద్య మీద కోపం కుదురుగా రావడం లేదు. ఆ పిల్లకి పెళ్ళైన కొత్తలో అత్తవారు ఉద్యోగం వద్దంటే, సుప్రియే వెళ్ళి వాళ్ళతో మాట్లాడి ఒప్పించింది. అలాంటి పిల్ల శ్యామ్ మాట విని తనను కోసి పారేసిందా? ఒక్క ఫోను చేసి ‘మేడమ్, ఇలా అంటున్నారు’ అనలేకపోయిందా?

గడియార స్తంభం దగ్గర దిగి ఆటో ఎక్కింది.

శ్రీవిద్య తలుపు తీసి సంబరపడింది. “మీరేంటండీ, చెప్పకుండా! రండి రండి. ఎండన పడి వచ్చేరు, మంచినీళ్ళు తాగండి.” ఆ తరవాత సుప్రియ మొహం చూసి ఆగిపోయింది.

“విద్యా, నా బొమ్మలు చూపించు.”

సుప్రియ కిటికీ పక్కన కంప్యూటరు బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. బల్ల మీద పాతవీ కొత్తవీ నాలుగైదు ఫోన్లు, ఒక ట్యాబ్ వరసగా పెట్టి ఉన్నాయి. ఏ తెర మీద బొమ్మ ఎలా వస్తుందో చూసుకోవడానికి. శ్రీవిద్య కంప్యూటరులో ‘పాక బడి’ తెరిచింది. పాక ఫోటో తెర నిండా వచ్చింది.

“ఫోనులో ఎలా మారుతుందో చూపించు.”

శ్రీవిద్య తెర మీద పుస్తకం ఉన్న విండోని మౌసుతో అంచు పట్టుకుని నెమ్మదిగా సన్నం చేసింది. బొమ్మ చిన్నదవుతూ వచ్చింది. ఒకచోట ఉన్నట్టుండి మారిపోయింది. సుప్రియ లేదు. సుందరమ్మ లేదు. పిల్లలు లేరు. మాస్టారు, శ్యామ్ బాబు, ఆ చెయ్యి.

“వెడల్పు చెయ్యి.”

అందరూ వచ్చేశారు.

“మళ్ళీ.”

మళ్ళీ సన్నం చేసింది. పదహారేళ్ళ సుప్రియ మళ్ళీ పోయింది. అంత తేలిగ్గా, చప్పుడు లేకుండా.

“ఎవరు కోసేరు విద్యా?”

“నేనేనండీ.”

“ఎక్కడ కొయ్యాలో ఎవరు చెప్పేరు?”

శ్రీవిద్య జవాబు చెప్పకుండా ఇంకో ఫోల్డరు తెరిచింది. అందులో అదే ఫోటో, మరోలా కోసింది. మాస్టారు, పలక పట్టుకున్న సుప్రియ, ఇద్దరే. ఆయన చూపు తిన్నగా కూతురి మొహం మీద ఉంది.

“నేను మొదట చేసింది ఇదండీ. ఫోటోలో పెద్దమనిషి ఎటు చూస్తే అటువైపు ఉంచి కోస్తాను. మాస్టారు మీకేసే చూస్తున్నారు కదా. వరద బొమ్మలో గుండిగ దగ్గర మీరూ ఆయనా. ల్యాబు బొమ్మలో మీరు, రిబ్బను. అన్నీ అలాగే చేసేను. శ్యామ్ బాబుగారు చూసి మార్చమన్నారు. మేడమ్ గారిని అడక్కుండా మార్చనన్నాను.”

“మరి?”

“మర్నాడు మళ్ళీ వచ్చేరండి.” శ్రీవిద్య ఆ ఫోల్డరు మూసేసింది. “అమ్మగారిని తీసుకొచ్చేరు.”

“ఏ అమ్మగారు?”

“మీ అమ్మగారేనండీ.”

సుప్రియ విన్నది. కానీ ఆ మాట లోపలికి దిగడానికి వ్యవధి పట్టింది.

“ఇదిగో, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నారు. ఒక్కొక్క బొమ్మ మీదా వేలు పెట్టి, ఇక్కడికి కొయ్యమ్మా, ఇక్కడికి కొయ్యి అని చూపించేరు. మేడమ్ గారికి ఒకమాట ఫోను చేస్తానండీ అన్నాను. సుప్రియకి తెలుసమ్మా, ఫోటోల్లో కనపడ్డం దానికి ఇష్టం ఉండదు, నీతో చెప్పడానికి మొహమాటపడుతోంది అన్నారు. కన్నతల్లి చెప్తోంది కదండీ. ఆవిడ ఎదురుగా మీకు ఫోను చేస్తే ఆవిణ్ణి నమ్మనట్టుంటుందని...” కళ్ళు తుడుచుకుంది. “చెయ్యాల్సిందండీ. నాదే తప్పు.”

సుప్రియ తెర మీదకి వంగి చూసింది.

“మరి ఆ చెయ్యి ఎందుకు వదిలేసేవు?”

“అది మాస్టారి మోచేతికి ఆనుకుని ఉందండీ. ఇంకా లోపలికి కోస్తే మాస్టారి చెయ్యి తెగిపోతుంది. అమ్మగారు కూడా చాలాసేపు చూసేరు. ఆఖరికి, పోన్లే, అదొక్కటీ ఉండనీ అన్నారు.”

అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది. సుప్రియ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీవిద్య మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది. ముట్టుకోవాలో వద్దో ఆమెకి తెలియలేదు.

కాసేపటికి సుప్రియే అంది. “మార్చగలవా?”

“ఇప్పుడే మారుస్తానండీ. నేను మొదట చేసినవన్నీ అలాగే ఉంచేను. కానీ మేడమ్, ఇప్పటికే వాళ్ళ ఫోన్లలో ఉన్న పుస్తకం మారదు. కొత్తది మళ్ళీ పంపాలి. వాళ్ళు తెరిచి చూడాలి.”

“మార్చు.”

శ్రీవిద్య పాత బొమ్మలు పెట్టి, కొత్త ఫైలు తయారుచేసి, బల్ల మీదున్న ఫోన్లన్నింటిలోనూ ఒక్కొక్కటిగా తెరిచి చూసింది. అన్నింటికన్నా చిన్న ఫోనుని సుప్రియ చేతిలో పెట్టింది. ఆ కాస్త తెరలో తండ్రీ కూతురూ సరిగ్గా సరిపోయారు.

*

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఎండ వరండా దాటి వెళ్ళిపోయింది. శ్యామ్ బాబు లేడు. సుందరమ్మ బల్ల మీద దుప్పటి పరిచి, రేపు ఆరాధనకి కట్టుకోవలసిన తెల్లచీర ఇస్త్రీ చేస్తోంది.

సుప్రియ ఎదురుగా కూర్చుంది.

“విద్య చెప్పింది,” అంది.

ఇస్త్రీపెట్టె అంచు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

“ఆ పిల్లనేమీ అనకు,” అంది సుందరమ్మ. “నిన్నడుగుతానని ఒకటికి రెండుసార్లు అంది. నేనే ఊరుకోమన్నాను.”

కాదంటుందేమో, శ్యామ్ బలవంతం చేశాడంటుందేమో అని బస్సులో దారిపొడుగునా ఆశపడింది సుప్రియ. ఆ ఆశ కూడా తల్లి మిగల్చలేదు.

“ఎందుకమ్మా?”

సుందరమ్మ స్విచ్చి ఆపింది. చీర మడత పెట్టడం మొదలుపెట్టింది.

“వాడి పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పుట్టింట్లో కూర్చుంది. అక్కడ ఉద్యోగం పోయింది. ఇక్కడ కూడా ఏమీ లేదంటే వాడింక నిలబడడు సుప్రియా. నువ్వు ఆ కుర్చీలో లేకపోయినా సుప్రియ టీచరువే. రాజోల్లో ఏ ఇంటికెళ్ళినా లేచి నిలబడతారు. అదీ లేకపోతే వాడెవడు?”

“నన్నడిగితే ఇచ్చేదాన్ని కదమ్మా.”

“ఇచ్చేదానివే. నాకు తెలుసు. అందుకే అడగలేదు.”

“అదేం మాట?”

“నువ్వు ఇస్తే, అక్క వదిలేసిన కుర్చీ అంటారు. జన్మంతా వాడు నీ దయ మీద కూర్చున్నట్టే. అలా కాకుండా, తండ్రి పక్కన వీడే ఉన్నాడని పదిమందీ అనుకుని వాళ్ళే పిలిచి ఇస్తే, అది వాడిదవుతుంది.”

“అలా అనుకోలేదమ్మా ఎవరూ. నేను తప్పుకున్నాననుకున్నారు. పొద్దున్న ప్రకాశరావుగారు చెప్తుంటే విన్నావు కదా.”

సుందరమ్మ చేతిలో మడత జారింది. మళ్ళీ మొదటినుంచి పట్టుకుంది.

“ఆ బొమ్మల్లో నేను కూడా లేను కదే. నీళ్ళబిందె కూడా తీయించేసేను.”

“నిన్ను నువ్వు తీసుకున్నావమ్మా. నన్ను కూడా నువ్వే తీసేవు.”

తల్లి చీర అంచులు కలిపింది.

“ఆ పలక పట్టుకుని నిలబడ్డ రోజు గుర్తుందా? కాలేజీలో సీటొచ్చి కూడా వెళ్ళలేదు. నాన్నకి ఇంకో టీచరు లేదని. వెళ్ళొద్దని ఏడ్చింది నువ్వే.”

“గుర్తుంది.”

“మరి వేలెలా వచ్చిందమ్మా నీకు? ఇక్కడికి కొయ్యమని చెప్పడానికి నోరెలా వచ్చింది?”

“నువ్వు ఓర్చుకోగలవనుకున్నాను,” అంది సుందరమ్మ నెమ్మదిగా.

“అందరూ అదే అనుకుంటారు.”

గది అంతా ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన. మడతపెట్టిన చీర ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది.

“ప్రకాశరావుగారు నిన్నే అడుగుతారు,” అంది సుప్రియ. “నాకు కుర్చీ ఇప్పించమనడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పమంటున్నాను. చెప్తావా?”

సుందరమ్మ చీర తీసుకుని లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. మూసిన చప్పుడు చాలాసేపు కాలేదు.

సుప్రియ ఫోను తీసింది. శ్రీవిద్య పంపిన కొత్త ఫైలు ఉంది. దాన్ని కమిటీ గ్రూపులో పెట్టి కింద రాసింది: ‘మొదట పంపిన పుస్తకంలో ఫోన్లకి పెట్టిన బొమ్మలు నాకు తెలియకుండా మార్చినవి. దయచేసి ఇది చూడండి. సుప్రియ.’ చదువుకుంది. ఎవరు మార్చారో రాయలేదు. రాయాలనీ అనిపించలేదు. పంపేసింది.

గేటు దగ్గర బండి ఆగింది. శ్యామ్ బాబు ఫోను చూసుకుంటూనే లోపలికి వచ్చాడు.

“పంపించేవా అక్కా?”

“పంపించేను.”

“రేపు ఎన్నిక పెట్టుకుని ఇవాళ పంపిస్తావా? నన్ను దొంగని చేసేవు నలుగురిలో.”

“నీ పేరు రాయలేదు.”

“ఇంకెవరి పేరు అనుకుంటారు?” కూర్చోబోయి కూర్చోలేకపోయాడు. “అయినా నీకెవరు చెప్పేరు...” అని లోపలినుంచి వస్తున్న తల్లిని చూసి ఆగాడు.

“దానికి తెలిసిపోయింది,” అంది సుందరమ్మ.

వాడి కోపం అంతా ఒక్కసారి దిగిపోయింది. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. “నేను చాలనే అన్నానక్కా,” అన్నాడు నేల చూస్తూ. “రెండు మూడు బొమ్మలు మారిస్తే చాలన్నాను. అమ్మే అన్నింట్లోనూ అంది.”

“నోరుముయ్యి,” అంది సుందరమ్మ.

అప్పుడు సుప్రియ ఫోను మోగింది. ప్రకాశరావుగారు. ఆమె స్పీకరు నొక్కి బల్ల మధ్యలో పెట్టింది.

“అమ్మా, కొత్త పుస్తకం చూసేను. ఇందులో ఉన్నావు తల్లీ. చల్లగా ఉంది చూస్తుంటే. కానీ ఇటు ఒకటే ఫోన్లు. మొన్నొక పుస్తకం, ఇవాళొక పుస్తకం ఏంటంటున్నారు. తెలియకుండా మార్చేరని నువ్వు రాసేవు. పొద్దున్న అబ్బాయేమో నువ్వే ఒప్పుకున్నావన్నాడు. మేమెవర్ని నమ్మాలమ్మా? సుందరమ్మగారున్నారా?”

“ఉన్నారండీ. వింటున్నారు.”

“వందనాలండీ సుందరమ్మగారూ. పొద్దున్న నేనడిగింది మీరు చెప్పనేలేదు. ఇప్పుడైనా చెప్పండి. ఆ మొదటి పుస్తకం అమ్మాయికి తెలిసే అలా వచ్చిందాండీ?”

సుందరమ్మ కొడుకు వైపు చూసింది. వాడు తలెత్తలేదు. కూతురి వైపు చూడలేదు.

“అమ్మా,” అంది సుప్రియ మెల్లిగా. చిన్నప్పుడు చీకట్లో పిలిచినట్టు.

“ఆయ్, తెలుసండీ,” అంది సుందరమ్మ ఫోనుతో. “దానికి తెలిసే చేయించేం. తన ఫోటోలు వద్దని అదే అంది. ఇప్పుడు మనసు మారింది. అంతేనండీ.”

అటువైపు ఒక నిట్టూర్పు వినిపించింది. “అలాగాండీ. మీరు చెప్పేక ఇంక మాటేముంది.”

శ్యామ్ బాబు తల పైకెత్తాడు. తల్లి నోట ఆ మాట వస్తుందని వాడూ అనుకోలేదు. మొహం పాలిపోయింది.

సుప్రియకి కన్నీళ్ళు రాలేదు. పొద్దున్నుంచి ఏ మనిషి తన వైపు నిలబడుతుందని లోపల లోపల నమ్ముతూ వచ్చిందో ఆ మనిషి ఎదురుగానే ఉంది. అడుగు దూరంలో.

“ఉంటానండీ మరి,” అంటున్నారు ప్రకాశరావుగారు.

“ఉండండి, పెట్టెయ్యకండి,” అంది సుప్రియ. “మా అమ్మ ఇప్పుడు చెప్పింది నిజం కాదండీ. నా మాట మీరు నమ్మక్కర్లేదు. మా తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. వాణ్ణి అడగండి.”

“శ్యామ్ బాబూ,” అన్నారు ప్రకాశరావుగారు. “ఉన్నావా? చెప్పు బాబూ. మీ నాన్నగారి ముందు చెప్తున్నాననుకుని చెప్పు. మీ అమ్మగారు చెప్పింది నిజమా, మీ అక్క చెప్పింది నిజమా?”

తల్లీ అక్కా ఇద్దరూ వాడి మొహంలోకే చూస్తున్నారు.

శ్యామ్ బాబు గోడ వదిలి, ఒక్కొక్క అడుగే వేస్తూ బల్ల దగ్గరికి వచ్చి, ఫోను మీదకి వంగి, “అక్క చెప్పిందండీ,” అన్నాడు.